మోకు

బారువ రేవులో జెండా దిగగానే
పదకొండు తెప్పలు ఒక్కసారి నీళ్ళలో పడ్డాయి.
నియమం ఒకటే, తాతలనాటిది:
లైటౌసు గుండెలదాకా మునిగేంత దూరం పోవాలి,
తల మాత్రం మిగిలాక తిప్పుకు రావాలి.
అక్కడ చూసేవాడెవడూ ఉండడు.

ఆ రోజు ఇంజన్లు ఒడ్డున గోనెలు కప్పుకుని పడుకున్నాయి.
మాకు చాప, చుక్కాని, తెప్పకి ముగ్గురు.
ముందు గున్నయ్య, మధ్య తమ్ముడి కొడుకు దాలయ్య,
చుక్కాని దగ్గర నేను.

తిరిగేసరికి మేం రెండోవాళ్ళం.
ముందు సూరాడ ఎల్లాజీ,
మాసికలేసిన నీలం చాప గాలిని కడుపునిండా తాగి
నన్ను చూడకుండా పోతోంది.
చూడడు. మూడేళ్ళుగా చూడడు.

అప్పుడు దక్షిణం నుంచి ఒక్క విసురు.
కొయ్య విరిగిన చప్పుడు మాదాకా వచ్చింది,
ఎండుచేప తల పంటికింద పడ్డట్టు.
నీలం చాప మనుషుల మీద కూలింది.

"దాటెలిపోదుమేటి మావా" అన్నాడు గున్నయ్య,
నా మొహం చూడకుండా.
ఒడ్డున బహుమతి, కొత్త వల, పసుపు రాసి పెట్టారు.
అబద్ధమెందుకు, లెక్కేశాను.
వల ఖరీదు, ఇంకెంత పొద్దుందో,
వెనక తొమ్మిది తెప్పలున్నాయి కదా అని కూడా.
ఆ తర్వాత చుక్కాని తిరిగింది.
నేనే తిప్పానంటే గున్నయ్య ఇప్పటికీ నమ్మడు.

దగ్గరికెళితే కట్లు కూడా వదిలేసున్నాయి,
దుంగకీ దుంగకీ సందున నీళ్ళు పళ్ళికిలిస్తున్నాయి.
కుర్రాడొకడు భుజం పట్టుకుని కూర్చున్నాడు.
"మోకు ఇయ్యి" అన్నాడు ఎల్లాజీ.
మూడేళ్ళలో మొదటి మాట.

నా దగ్గరున్న మోకు ఒక్కటే.
తుపాను మర్నాడు ఇసకలో దొరికింది.
దొరికిందనే చెప్పాను, ఇంట్లో కూడా.
కొసన వాళ్ళ నాన్న వేసిన ముడి,
ఈ తీరంలో ఇంకెవరికీ రాదు.
విప్పడం నాకు చేతకాలేదు,
కొయ్యడానికి చెయ్యి రాలేదు.

విసిరాను.

పట్టుకున్నాడు.
బొటనవేలు ముడి మీద ఆగింది,
ఓ కెరటం ఎత్తి దించేంతసేపు.
తర్వాత తన తెప్పకి బిగించాడు.

మిగతా చాపలు ఒక్కొక్కటీ దాటిపోయాయి.
ఒకడు ఈల వేశాడు. ఒకడు నీళ్ళ సీసా విసిరాడు.
మా తెప్ప నీళ్ళలో కాదు, తడి ఇసకలో నడిచింది.
మోకు బిగిసినప్పుడల్లా నా వీపున ఎవరో చెయ్యేసినట్టు,
సడలినప్పుడల్లా తీసేసినట్టు.
వెనక్కి చూళ్ళేదు నేను.
లైటౌసు మెడ, గుండెలు, నడుం
నీళ్ళలోంచి లేస్తూ వచ్చి
దీపం కూడా వెలిగింది, మేమింకా చేరలేదు.

ఆడవాళ్ళు టార్చిలైట్లతో మోకాలిలోతు నీళ్ళలో నిలబడ్డారు.
మా ఆవిడ ముందు ఆ కుర్రాడి భుజమే చూసింది.
వల ఎవరు పట్టుకెళ్ళారో మర్నాడుగానీ అడగలేదు నేను.

ఎల్లాజీ చీకట్లోనే కట్టు విప్పాడు.
మోకు చుట్ట చుట్టి, ఇసక దులిపి,
నా తెప్పలోనే పెట్టాడు.
"ఆరబెట్టు. ఉప్పుకి కుళ్ళిపోద్ది."

ఆరి వారమైంది.
చూరుకి వేలాడుతోంది.
వాళ్ళిల్లు నాలుగిళ్ళ అవతలే.
రోజూ సాయంత్రం దాని కొస చూస్తూ
వేరే తాడు మీద ఆ ముడి వేసి చూస్తున్నాను.
రెండో మడత దగ్గర ఊడిపోతోంది.