జానెడుకు జర తక్కువ

రెండు చెవుల నడుమ దూరమెంతో
ఎవ్వలూ కొలిచి చెప్పరు.
నేను కొలిచిన, అమ్మ కుట్టుమిషన్ టేపుతోని
అద్దం ముంగట నిలవడి.
జానెడుకు జర తక్కువ.
అంతే ఎడంగ పెట్టాలె రెండు మైకులు,
ఒకటి తలుపు దిక్కు, ఒకటి కిటికీ దిక్కు మొహం తిప్పి,
అలిగిన తోడికోడండ్ల లెక్క.

మా నాయినది గొట్టం మైకు.
లగ్గమైనా లొల్లైనా ఒక్కతీరుగనె మొత్తుకునేది.
ఇవి నోరులేని జాతి.
నలభై ఎనిమిది వోల్టులు తాగితెగాని
వినుడు మొదలువెట్టవు.
మొదలువెట్టినంక ఇగ ఆపుడు మన చేతిల లేదు:
ఫ్యాను మూలుగు, బల్లి, దేవదానం మోకాలి కీలు,
కాజీపేట అవుటర్ల ఆగిన బొగ్గు గూడ్సు
గొలుసు తెంపుకున్నట్టు కదులుడు.

కోఠిల జాఫర్ భాయ్ రెండు జోడీలిచ్చిండు, ఒక్క రాత్రికి.
"నచ్చింది ఉంచుకో, రెండోది పగులకుంట తే."
మొదటిది సన్నటిది, చుట్టంత.
ముంగట ఉన్నదే వింటది,
ఎవలు ఏడ నిలవడ్డరో వేలు పెట్టి చూపెడ్తది.
రెండోది గుండ్రంగ వింటది,
ముంగటిదీ ఎనుకటిదీ గోడదీ కప్పుదీ
అన్నీ కలిపి అంబలి చేస్తది.
ధరల పదకొండు వేలు తేడా.
సన్నటిదే పిరం.

రైల్వే క్వార్టర్ల ఎనుక చిన్న చర్చి.
కొత్తవాడల మా మేనమామ నేసిన జంపఖానాలు తొమ్మిది
వేలాడదీసిన, గోడలు తిరిగి పలుకకుంట.
ఒకదాని మీద నెమలి తల్లకిందులైంది.
ఇరవై రెండు మంది: లోకో షెడ్డోళ్ళు, ఎంజీఎం నర్సులు,
ఒక ఎల్లైసీ ఏజెంటు, టైలరు కృపావరం.
పదకొండున్నరకు రైళ్ళ నడుమ సందు దొరికింది.
పాడిండ్రు.

హెడ్‌ఫోను పెట్టుకుంటె
సన్న జోడీల మనుషులు వరుసగ కనవడ్డరు, కండ్లు మూసుకున్నా.
ఎడమకు మగగొంతులు, తడిసిన గోనెసంచుల బరువుతోని.
కుడికి, రెండో వరుసల, స్తంభం పక్కన
పన్ను ఊడినట్టు
ఖాళీ.
తల ఎత్తి చూస్తె అక్కడ సుగుణ టీచరు.
నోరు అందరితోపాటే కదులుతున్నది.

రెండేండ్ల కింద గొంతుకు ఆపరేషనన్నరు ఎవరో.
మంచిగైందని కూడ అన్నరు.

రెండో జోడీ పెట్టి మళ్ళ పాడిచ్చిన.
అంబలిల ఆ ఖాళీ కరిగిపోయింది.
దయగల మైకు, అనుకున్న.
అగ్గువ కూడ.
సన్నటిది డబ్బాల పెట్టబోయి, ఊరికె,
దాని పాట ఇంకోసారి విన్న మొదటి నుంచి,
పాటకు ముందున్న సప్పుడులేని జాగ నుంచి.

ఆ ఖాళీలకెంచి ఒక ఊపిరి,
అందరికన్న రెప్పపాటు ముందు.
దాని ఎనుక పక్కామె ఊపిరి, దాని ఎనుక వరుస,
ఆ ఎనుక లోకో షెడ్డంత.
ప్రతి చరణానికీ గట్లనే.
మూడో చరణంల ఏడనో గూడ్సు కూతకు ఆమె ఆగింది.
అందరూ ఆగిండ్రు.

పాస్టరు విని
"ఆ శ్వాసలు కోసెయ్యరాదు తమ్మీ, నీటుగుంటది" అన్నడు.
ఈ మైకులల్ల కోసుడు కుదరది సార్, అన్న.
అబద్ధం. అదీ చర్చిల.
పదకొండు వేలకు నాయిన గొట్టాలు అమ్మాలె,
అవి ఎవలు కొంటరో ఇంకా తెలువది.

అర్ధరాత్రి జంపఖానాలు దించుతుంటె
ఆమె వచ్చి ఒక కొస పట్టుకున్నది, అడుగకనే.
నేను ఇవతలి కొస.
దులిపినం. దగ్గరికొచ్చి మడిచినం, మళ్ళ ఎడమైనం.
తొమ్మిదోదానికి
ఆమె ఊపిరి పీల్చింది,
నేను కూడ.
ఎత్తినం.