గుడారం లెక్క

మా అన్న ఫ్రొయిలాన్ ఈ బుర్గోస్ కెథడ్రల్‌కి డీన్.
నేను, కసిల్దాని, ఇదే ఊళ్లో లా కాలేజీకి డీన్‌ని.
మా స్పానిష్‌లో మాత్రం ఆయన దెయాన్, నేను దెకానా.
ఒక తల్లి పిల్లలమే,
మేమూ, ఆ మాటలూ.

దెయాన్ పిరెనీస్ కొండల ఆవలి నుంచి,
ఫ్రెంచి నోళ్లలో నాని, నడుమ హల్లొకటి రాలిపోయి,
బాటసారి చెప్పులా అరిగి వచ్చింది.
దెకానా లాటిన్ పుస్తకంలోంచి
ఇస్త్రీ నలక్కుండా దిగింది.
మమ్మల్ని పక్కపక్కన చూసినా అంతే:
ఆయన స్వెట్టర్‌కి మోచేతుల దగ్గర చిల్లులు,
నా భుజాన ఎర్రపట్టు.

రెండింటికీ పుట్టిల్లు ఒకటే, తడిసిన తోలు గుడారం.
రోమన్ సైన్యంలో గుడారానికో పెద్ద,
డెకానస్, పదిమంది తాలూకు మనిషి.
పల్లకీ లేదు, భజంత్రీలు లేవు.
ఒక తిరగలి, ఒక కంచర గాడిద,
పొద్దుగూకాక తలలు లెక్కపెట్టే పని.
తర్వాత మఠాల్లోనూ పదిమంది సన్యాసులకొకడు,
ఎవరి పడక ఖాళీ, అదే లెక్క.
ఆ తర్వాతెప్పుడో కుర్చీకి చేతులు మొలిచాయి.
పది కరిగిపోయి
పదవి మిగిలింది.

నా కింద నూట నలభైమంది.
పేర్లు మా సెక్రటరీకి తెలుసు.
ఓ కుర్ర లెక్చరర్ మూడు వారాలుగా రావట్లేదని
పోయిన మార్చిలో జీతాల కాగితం చూసి తెలుసుకున్నాను.

అన్న ఉండేది ముసలి ఫాదరీల వసతిగృహంలో.
రాత్రి పదిన్నరకి మెత్తటి చెప్పులేసుకుని
వరండా పొడుగునా నడుస్తాడు.
తలుపు తట్టడు, చెవి ఆనిస్తాడు.
డాన్ ప్రిమితీవో దగ్గు.
డాన్ ఔరేలియో రేడియో, ఫుట్‌బాల్.
మూడో తలుపు వెనక
జపమో పలవరింతో తెలియని గొణుగుడు.
ఆ పక్కన, గ్లాసులో కట్టుడు పళ్లు పడ్డ చప్పుడు.
క్రిస్మస్ ముందు దాకా తొమ్మిది గదుల్లో దీపాలుండేవి.

ఆపైన నాకు ఫోను.
దేవుడి ఊసుండదు, ఒంట్లో ఎలా ఉందనీ ఉండదు.
"ఏడుగురు."
"నిన్ను కలుపుకునా?"
"కలుపుకునే."

పేరుకి పది గానీ
ఆ గుడారంలో పడుకునేది ఎనిమిదిమందేనని
ఏటా క్లాసులో చెప్పి నవ్విస్తుంటాను.

నిన్న రాత్రి మంచు పడింది.
ఫోను పెట్టేయబోతూ అన్న ఆగాడు.
"నువ్వు పడుకున్నావా?"
"ఇంకా లేదు. పేపర్లు దిద్దుతున్నా."
"అయితే లెక్క తెగలేదన్నమాట."

వెళ్లి లైటార్పి వచ్చి
చెప్పాను.