స్పందన లేదు

పర్లాకిమిడి కోర్టు గేటుకి ఎడం పక్క
జెరాక్సు మిషనుకీ బజ్జీల బండికీ మధ్య
నా టైపు బల్ల.
ఒడియా, తెలుగు, ఇంగ్లీషు, పేజీకి ఒకటే రేటు.

మొన్న మా జగ్గునాయకులు వకీలుగారికి
ఢిల్లీ నుంచి ఫారం వచ్చింది.
దేశంలో ఉన్న వకీళ్ళందర్నీ వరుసలు కడతారట.
మొదటి వరుస, రెండో వరుస, మూడో వరుస,
ఆ కిందన ‘గమనించదగ్గవారు’.
మా వైపు జీడిపిక్కలకి ఇలాగే జల్లెడ పడతారు.
ఆయనకి పట్టలేదు గానీ
జూనియర్ మొనాలిసా పాణిగ్రాహి వదల్లేదు.

‘ఈ ఏడు వాదించిన అతి పెద్ద కేసు, విలువ కోట్లలో.’
ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడిచాడు.
“చింతచెట్టు రాయి.”
“ఎన్ని కోట్లండీ?”
“ఒక్క చెట్టేరా.”
సున్నా, చుక్క, ఆపైన
ఎన్ని సున్నాలు కొట్టానో గుర్తు లేదు.

‘మీ గురించి చెప్పగల కక్షిదారులు ఇరవైమంది, ఫోను నంబర్లతో.’
నలుగురు తేలారు.
ఒకడు పోయాడు.
ఒకడికి ఫోను లేదు.
ఒకాయన గెలిచాక, ఫీజు బాకీకి సిగ్గుపడి
వీధి మార్చి నడుస్తున్నాడు.
మిగిలింది సెరంగో కొండ మీది సొంబారి సబర.
ఆ నంబరైనా ఆమెది కాదు,
సంతలో టీకొట్టువాడిది.

సంత రోజునే మోగింది.
అటు ఇంగ్లీషు, కాసేపటికి హిందీ.
ఇటు సొంబారి, సవర భాషలో,
అసలు మొదట్నుంచీ ఎత్తుకుంది:
చెట్టు నాటిన మామ,
రాత్రికి రాత్రి నడిచి జరిగిన సరిహద్దు రాయి,
పదకొండు వాయిదాలు,
తొమ్మిదోదానికి బస్సు తప్పిపోతే
తను వచ్చిందాకా జడ్జిగారి ముందు
దగ్గుతూ, నీళ్ళు అడుగుతూ, కాయితాలు కింద పడేస్తూ
ఈ ముసలాయన లాగిన అరగంట.
పదిహేడు నిమిషాలు, టీకొట్టువాడి లెక్క.
అవతల ఎప్పుడు పెట్టేశారో
ఎవరికీ తెలీదు.

జాబితా అచ్చయింది.
బరంపురం దాకా వచ్చి ఆగిపోయింది.
మనకొచ్చిన కాయితంలో ఒకటే ముక్క:
‘సాక్షి నాలుగు: స్పందన లేదు.’
ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకుని
“ఇదిగో, ఈ అఫిడవిట్లో తారీకు తప్పు” అన్నాడు.

నిన్న టీకొట్టువాడు కిందకి దిగితే చెప్పాడు.
ప్రతి సంతకీ వచ్చి అడుగుతోందట సొంబారి,
ఆ కుర్రోడు మళ్ళీ చేశాడా అని.
తీర్పు దాకా రానే లేదట తను.