నీళ్లు తగ్గాక

ఏడున్నరకల్లా మొదటి వ్యాను.
దిగుతూనే అడుగుతారు, సోచా ఇంత పచ్చగా ఎందుకుందని.
చిన్నపిల్లలైతే, రాత్రి రంగు కలిపామంటాను.
పెద్దవాళ్లైతే, సున్నపురాయి అంటాను.
కొత్తగా పెళ్లైనవాళ్లతో ఏమీ అనను,
వాళ్లు అడుగుతారే గాని వినరు.

నా పని రబ్బరు సూట్లు.
మనిషిని చూసి కొలత చెప్పేస్తా, టేపు అక్కర్లేదు.
పొట్ట లోపలికి పీల్చుకున్నా తెలిసిపోతుంది.
వీపు మీద జిప్పు లాగేటప్పుడు
బ్యాంకు మేనేజరైనా, జడ్జిగారైనా
మెడ వంచి నిలబడాల్సిందే,
బడికి తయారవుతున్న పిల్లల్లా.

తర్వాత వాళ్లు మా అన్న కొడుకు యెర్నెయ్ పాలు.
గడ్డిలో కూచోబెట్టి తెడ్డు వేయించి
లేని నదిని కాసేపు దాటిస్తాడు.
ఆనక ఉన్న నదిలోకి తోస్తాడు.
మొదటి సుడి దగ్గర వేసే కేక
ఏ దేశంవాళ్లదైనా ఒకటే భాష.

నీళ్లంటే భయమున్నవాళ్లు కొండెక్కుతారు,
పైన క్లావ్దియా దొడ్లో జున్ను కొనుక్కుని
మోకాళ్లు పట్టుకుని దిగుతారు.
ఒకాయన మాత్రం రోజూ వేలాడే వంతెన నడిమధ్య నిలబడి
కింద చారల చేపని చూస్తూ పదకొండు రోజులు గడిపాడు.
సెలవు బాగా గడిచిందా అంటే
ఇంకా మొదలుపెట్టలేదన్నాడు.

ఆగస్టులో ఒక్క వాన చాలు,
నది బూడిద రంగుకి తిరుగుతుంది, పడవలు బోర్లా పడుకుంటాయి.
ఆ రోజు అందరూ నా కొట్టంలోనే.
పేకాట, తడి సాక్సుల వాసన,
పెనం మీద బంగాళదుంపా జున్నూ కలిపిన ఫ్రికా
అంచులు కరకరలాడేదాకా.
డబ్బు కట్టింది దీనికి కాదు గానీ
ఇళ్లకి వెళ్లాక రాసేది దీని గురించే.

సాయంత్రాలు, ఎండుగడ్డి ఆరేయడానికి తాత నిలబెట్టిన
దూలాల చట్రం మీద సూట్లు ఆరేస్తాను.
తలల్లేని నలభై మంది
చేతులు వేలాడేసి, బొట్లు బొట్లుగా కారుతూ.
ఆవుల్లేవు, గడ్డీ లేదు. చట్రానికి పని మాత్రం తప్పలేదు.

మేకుకి ఒక నోటు పుస్తకం వేలాడుతుంటుంది,
నదిలో పోయినవి రాసుకోడానికి.
కళ్లజోళ్లు పందొమ్మిది. ఎడమ చెప్పులు ఏడు
(కుడివి ఎప్పుడూ పోవు, ఎందుకో).
పై వరస పళ్ల సెట్టు ఒకటి.
ఉంగరం, ఒకటి: హన్నెకె, డచ్ ఆవిడ, జులై మూడో వారం.

సెప్టెంబరులో నీళ్లు తగ్గాక
నేనూ యెర్నెయ్ గులకరాళ్లలో వెతుకుతాం.
పళ్ల సెట్టు దొరకలేదు. ఏ చేప పెట్టుకుందో.
ఉంగరం దొరికింది,
రాతి సందులో, ఎవరో దాచినంత పొందిగ్గా.
సంతోషంగా ఉత్తరం రాశాను, ఎక్కడికి పంపమంటారని.

జవాబు మూడు వాక్యాలు.
మీ శ్రమకి కృతజ్ఞతలు.
అది పడిపోలేదండీ, పడేశాను.
పడవలో వాళ్ల ముందు ఏడవలేక పోయిందన్నాను.

పుస్తకంలో ఆ వరస కొట్టేశాను.
ఉంగరం మేకుకే ఉంది, నా చిటికెన వేలికీ పట్టదు.
చలి మొదలైంది. సూట్లు మడుస్తున్నాను, సైజుల వారీగా.
ఆవిడది మీడియం అయుంటుంది.
మొహం ఎంత తలుచుకున్నా రావడం లేదు.
నేను చూసింది
జిప్పు లాగుతున్నంతసేపూ
వంగి ఉన్న ఆ మెడనే.