ఐదో పిన్ను

పదకొండేళ్లు నీ మెడ వెనకభాగమే చూశాను, నింగ్రుమ్.
నువ్వు నెట్ దగ్గర, నేను వెనక గీత మీద.
నీ జుట్టు ముడిలో నల్ల పిన్నులెన్నో నాకు తెలుసు:
ఐదు.
ఓడిపోయే గేమ్‌లో నాలుగు.
ఒకటెక్కడో రాలిపోయేది. ఆటయ్యాక నేనే ఏరి
కిట్ బ్యాగు పక్క జేబులో పడేసేదాన్ని.

తెగాల్‌లో మా అమ్మ కాక్‌లు చేసే షెడ్డులో ఈకలు ఏరేది.
కాక్‌కి పదహారు. అన్నీ ఎడమ రెక్కవే.
కుడి ఈక ఒక్కటి కలిసినా గాలిలో తడబడుతుందని
ఒక్కోదాన్నీ బల్బు ముందు పట్టి ఒంపు చూసేది.
మరి కుడి రెక్కవో, అంటే
వాటికీ ఎవరో ఉంటార్లే, అని
జిగురు ఆరని వేళ్లతోనే ముద్ద పెట్టేది.

జకార్తా హాస్టల్లో రెండు మంచాలు, ఒక ఫ్యాను.
నువ్వు మలాంగ్ నుంచి వచ్చావు, మండిపడుతూ.
సింగిల్స్‌కి పనికిరావన్నారట నిన్ను.
నన్నెవరూ ఏమీ అనలేదు. నేను దేనికీ రానని నాకే తెలుసు.
మొదటి నెలంతా పాక్ సుబెక్తి
మన నడుములకి ఒకే తాడు కట్టి పరిగెత్తించాడు.
నువ్వు కుడికి ఉరికితే నేను బోర్లా పడేదాన్ని.
తాడు విప్పాక చాలా రోజులు
అక్కడ చర్మం మండుతూనే ఉండేది.

డబుల్స్‌లో శత్రువు నెట్ అవతల ఉండదు.
నాది, అని ఇద్దరమూ అంటే రాకెట్లు కొట్టుకుంటాయి.
నీది, అని ఇద్దరమూ అనుకుంటే
కాక్ తీరుబడిగా దిగి,
పిలవని పేరంటానికొచ్చిన చుట్టంలా
మన మధ్య కూర్చుంటుంది.
తొలి ఏడాది అలా ఎన్ని కూర్చున్నాయో!
తర్వాత మాటలు పోయాయి.
నీ భుజం వాలితే నాది. మడమ లేస్తే నీది.

సర్వ్‌కి ముందు వీపు వెనక నీ వేళ్లు:
ఒకటి చూపిస్తే పొట్టిది, రెండైతే పొడుగుది.
ఒడెన్సెలో పంతొమ్మిది పంతొమ్మిది మీద
చిటికెన వేలు చూపించావు.
దానికి మనమే అర్థమూ పెట్టుకోలేదు.
నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే స్మాష్ కొట్టాను.
కప్పు పట్టుకుని అడిగితే
చలికి కొంకర్లు పోయిందే, అన్నావు.

ఆ కప్పు ఇప్పుడెవరింట్లో ఉందో గుర్తులేదు.

నోటీసు బోర్డు మీద కొత్త జాబితా.
నీ పేరు పక్కన అయుని, పంతొమ్మిదేళ్లది.
నా పేరు పక్కన ఖాళీ.
మూడు రోజులయ్యాక పెన్సిల్‌తో ఎవరినో రాశారు.
ఆ రాత్రి నువ్వు ఫ్యాను నావైపు తిప్పావు.
అంతే. ఇంకేం మాట్లాడతాం?

సురబాయాలో ఎదురుపడ్డాం.
నీ నిద్ర మొహం నాకు తెలుసు, అన్నం మొహం తెలుసు,
అలిగి గోడవైపు తిరిగే మొహం తెలుసు.
సర్వ్ చేసే మొహం మాత్రం అదే చూడటం.
పొడుగు సర్వ్‌కి ముందు నీ చెవి వెనక ఒక నరం కదులుతుంది.
ప్రపంచంలో నాకొక్కదానికే తెలిసిన రహస్యం,
ముందు నుంచి కనపడదు.
ఆరుసార్లు మోసపోయాను.
ఇరవై ఒకటి పదిహేడు. ఇరవై ఒకటి పన్నెండు.
నెట్ మీదుగా నువ్వు చెయ్యి చాపితే
ఎలా పట్టుకోవాలో తెలియలేదు.
పదకొండేళ్లలో అరచేతులు చరుచుకున్నాం గానీ
కరచాలనం ఎప్పుడు చేసుకున్నాం గనక!

మోకాలి ఆపరేషనయ్యాక తెగాల్ వచ్చేశాను.
అమ్మ పనిచేసిన షెడ్డు వెనకే రేకుల హాలు, ఒకటే కోర్టు.
వానొస్తే కాక్ శబ్దం వినపడదు.
ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ నాది నాదంటారు.
తాడు మాత్రం కట్టలేదు. కట్టాలేమో.

నిన్న బ్యాగు దులిపితే పిన్నులు రాలాయి,
ఓడిన గేములన్నీ.
లెక్కపెట్టబుద్ధి కాలేదు.
ఒకటి తీసి నా ముడిలో గుచ్చుకుని
నెట్ దగ్గర నిలబడి సర్వ్ ఎలా వెయ్యాలో చూపిస్తున్నాను.

వెనక గీత మీంచి చిన్నది అరిచింది:
కోచ్, మీ పిన్ను జారుతోంది.