రాకు

దీపం ఎవరు పెట్టినా
రమ్మనే పెడతారు.
మా నాన్న అబెలీనో మాత్రం
ముప్పై ఒక్క ఏళ్ళు
రావద్దని పెట్టాడు.

మాగెల్లాన్ జలసంధి అక్కడ సన్నబడుతుంది,
గొంతులో ముల్లులా ఒక రాతిదిబ్బ.
అవతలి ఒడ్డున మేసే గొర్రెల్ని లెక్కపెట్టొచ్చు,
గాలి కళ్ళు తెరవనిచ్చిన రోజున.

ఏ దొర కట్టించాడో, తలుపు మీది పేరును
ఉప్పు తినేసింది.
నూట నాలుగు మెట్లెక్కితే
పాదరసం తొట్టిలో తేలుతూ గాజు కటకం.
చిటికెనవేలితో తోసినా కదిలేది.
దాన్ని తిప్పే గడియారానికి మాత్రం
నాలుగు గంటలకోసారి బరువు పైకి చుట్టాలి.
పది అంకెల చీకటి, ఒక్క మెరుపు.
లెక్క తప్పితే మా దీపం ఇంకో దీపమైపోతుంది,
ఓడ ఇంకెక్కడో ఉన్నాననుకుంటుంది.
అలవాటై, నాన్న మాట కూడా
పది లెక్కపెట్టాకే వచ్చేది.
ఈలోగా అమ్మ కోపం చల్లారిపోయేది,
లేదా టీ.

అమ్మ ఎదెల్మీర, చిలోయె దీవి మనిషి.
పదిమంది చేరందే పొయ్యి రాజుకోని ఊరు ఆమెది.
మూడు నెలలకోసారి వచ్చే సరుకుల పడవకు
ముందురోజే రొట్టెలు కాల్చి కూర్చునేది.
మిగతా ఓడలన్నీ మాకు పక్కటెముకలే,
ముఖం చూపించినవి కావు.
"ఒక్కటైనా ఇటు తిరక్కూడదా" అనేసింది ఓ సాయంత్రం.
వెంటనే నాలుక కరుచుకుని
సిలువ గుర్తు వేసుకుంది.
నాన్న విన్నాడు.
పది దాటి ఇరవై దాటినా ఏమీ అనలేదు.

పిట్టలకు చదువు రాదు కదా.
పొగమంచు రాత్రుల్లో
'రాకు'లో సగమే చదువుకుని వచ్చేవి,
గాజుకు కొట్టుకుని రాలేవి.
తెల్లారి ఒళ్ళో ఏరుకురావడం నా పని.
అరచేతిలో పట్టే సముద్రపు పిట్టలు,
ఒకటీ అరా ఇంకా వెచ్చగా.
నాన్న పుస్తకంలో గాలికి గడి ఉంది,
నూనెకు ఉంది, ఓడలకు ఉంది.
పిట్టలకు లేదు.
అమ్మ వాటిని ఈకల లెక్కన జమకట్టి
తలగడలో కుట్టింది.

ఇప్పుడా దీపం దానంతటదే వెలుగుతుందట.
నేను పుంతా అరేనాస్‌లో, మూడో అంతస్తులో.
నిద్రపట్టని రాత్రి పది లెక్కపెడతాను.
పదకొండు కూడా చీకటే.

గలేబు ఎన్నిసార్లు మార్చానో,
ఆ చేపనూనె వాసన పోదు.
వద్దన్నా వచ్చినవాటి మీదే
తల పెట్టుకుని
పడుకుంటాను.