ముక్కు మీద దురద

ట్రోమ్సోలో జనవరి.
పొద్దు పొడవడం మానేసి ఆరు వారాలు.
కిటికీలో రేపూ మాపూ ఒకటే నలుపు.
వార్డులో వేళ తెలిసేది నా చేతి గడియారానికే.

నాలుగో మంచం. నీల్లాస్, ఏడేళ్ళు.
మధ్యాహ్నం తుంటి కీలు విప్పి బిగించారు.
వీపున, వెన్నుపూసల సందున దారమంత గొట్టం;
దాని రెండో కొసన చిన్న పంపు
పిసినారి ముసలమ్మ నూనె పోసినట్టు
మార్ఫిన్ వదులుతోంది.

తల్లి బిరెత్, రెయిన్‌డీర్ మందల మనిషి,
నాలుగొందల కిలోమీటర్లు మంచు మీద వచ్చింది.
సాయంత్రం ఒక్క మాటే అడిగింది:
"నొప్పిని తీసుకుపోయే మందు
పోతూ పోతూ ఊపిరిని కూడా తీసుకుపోదు కదా?"

పోదు, అనలేదు నేను.
పోవచ్చు, ఎప్పుడో, అరుదుగా.
అందుకే నేనున్నాను, అన్నాను.

గంటగంటకీ దుప్పటి అంచు ఎత్తి
నిండా ఒక నిమిషం
ఆ చిన్న రొమ్ము లేవడం లెక్కపెడతాను.
ఇరవై. పద్దెనిమిది. పద్దెనిమిది.
వేలికి తగిలించిన ఎర్ర దీపం దాని లెక్క అది చెబుతుంది.
దాన్ని నమ్ముతాను. అయినా లెక్కపెడతాను.

పన్నెండింటికి నిద్రలోనే ముక్కు గోక్కున్నాడు, ఎలుకపిల్లలా.
ఈ మందు చేసే సంతకం అది.
ఒకసారి కక్కుకున్నాడు. ఒంటేలు రాక ముడుచుకున్నాడు.
ఇవన్నీ బిరెత్‌కి ముందే చెప్పాను.

చెప్పనిది ఒకటుంది.
నేను కొత్తగా చేరిన రోజుల్లో
పసివాళ్ళకి నొప్పి గుర్తుండదనేవారు పెద్దవాళ్ళు.
మందంటే భయపడి, విదిల్చేవారు.
తూర్దిస్ అనే పిల్ల ఏడ్చి ఏడ్చి
ఇక ఏడవడం దండగని తెలుసుకుని
గోడవైపు తిరిగి పడుకుంది.
నేను చార్టులో రాశాను: ప్రశాంతంగా ఉంది.
నా దస్తూరీయే. నల్ల సిరా.

మూడింటికి పదమూడు.
మూడున్నరకి పదకొండు.
విరుగుడు మందు ఏ సొరుగులో ఉందో
కళ్ళు మూసుకుని తీయగలను.
ఒక చెయ్యి దాని మీద పెట్టి
రెండో చేత్తో భుజం తట్టాను. నీల్లాస్. నీల్లాస్!

ఒక కన్ను తెరిచాడు.
"మళ్ళీ నువ్వా."
ఇంత తియ్యటి తిట్టు ఈ వార్డులో తినలేదు.

డాక్టర్ హోకున్ వచ్చి పంపు కొంచెం తగ్గించాడు.
మొత్తం ఆపెయ్యమని బిరెత్ కళ్ళతోనే అడిగింది.
ఆయన ఏమీ అనకుండా
నాతో కలిసి పిల్లాణ్ణి పక్కకి తిప్పాడు.
వాడు అరవలేదు. దిండు సర్దమన్నాడు.

నాలుగున్నరకి పదహారు.

నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా
బొమ్మలున్న అట్ట చూపిస్తే
విసుగ్గా రెండోదాన్ని తాకి, అడిగాడు:
"మా దూడల చెవులకి కోత పెడతాం,
ఏ ఇంటివో తెలియాలని.
నా తుంటి మీద కోత ఎవరి గుర్తు?
ఇప్పుడు నేను ఎవరి దూడని?"

బిరెత్ మొహం తిప్పుకుంది. నవ్విందనే అనుకుంటాను.

చార్టు తీశాను. ప్ర అని రాసి, కొట్టేశాను.
మాట్లాడుతున్నాడు. శ్వాస పదహారు. దురద ఉంది.
తను ఎవరి దూడో అడుగుతున్నాడు.

ఆరింటికి మళ్ళీ లెక్కపెట్టాలి.